గాలం కొనేముందు

నాకు గాలం వేసే సరదా ఉన్నదని తెలిసిన మిత్రులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: “ఏ రాడ్డు కొనమంటారు?” దీనికి సూటిగానే జవాబు చెప్పవచ్చు, ఈ టపాలో చెబుతాను కూడా. అయితే మా వరంగల్లు చుట్టుపక్కల చెరువుల్లో చేపలు పట్టదలచినవారు అంతకన్నా ముందు తేల్చుకోవలసిన సంగతులు రెండున్నాయని నా నమ్మకం. మొదటిది, ఆ చేప ఎవరిది? రెండోది, అది ఏ చేప? ఈ రెండూ ఎరిగినవాడికి వెదురుకర్ర చాలు. ఎరగనివాడు పదివేలు పోసి జపాను సరుకు తెచ్చుకున్నా చెరువుకు నష్టం కలిగించే ఇంటికి వస్తాడు. ఈ మాట కొందరికి కటువుగా తోచవచ్చు. ఎందుకన్నానో వివరిస్తాను.

మన భాషలో ‘వేట’ చాలా విశాలమైన మాట. రాజు అడవికి పోయి చేసేదీ వేటే, జాలరి పడవెక్కి పోయి చేసేదీ వేటే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవలు కదలకూడదన్న ఉత్తర్వును పత్రికలు ‘వేట నిషేధం’ అనే రాస్తాయి. కోస్తా వైపు పోతే ఏకంగా మేకమాంసమే ‘వేట’ అయి కూర్చుంది. సరదాకు చేసే పనికీ, పొట్టకూటికి చేసే పనికీ ఇలా ఒక్కటే మాట ఉండటం వల్ల మనకొక మేలు జరిగిందని నాకనిపిస్తుంది. ఇంగ్లీషువాళ్ళు సరదా గాలానికి ‘యాంగ్లింగ్’ అని వేరే పేరు పెట్టుకుని దాన్నొక ప్రత్యేక లోకంగా మార్చుకున్నారు. మన దగ్గర “గాలం వేయటానికి పోతున్నాను” అంటే, వినేవాడు వెంటనే “ఏ చెరువుల?” అని అడుగుతాడు. అంటే ఎవరి చెరువులో అని. సరైన ప్రశ్న అదే.

వరంగల్లు అంటేనే చెరువులు. గణపతిదేవుని కాలం నాటి పాకాల, రేచర్ల రుద్రుడు గుడితో పాటు మిగిల్చిపోయిన రామప్ప చెరువు, కొండల నడుమ లక్నవరం, నగరంలోనే భద్రకాళి, వడ్డేపల్లి, పక్కనే ధర్మసాగరం. ఇవి పేరున్నవి. ఒకదాని మత్తడి దుమికిన నీరు కింది చెరువులోకి పోయేటట్లు కట్టిన గొలుసుకట్టు చెరువులు ఊరూరా ఉన్నాయి. సెలవునాడు బండిమీద పోతూ కట్టమీదినుంచి చూసే పట్నవాసికి అవి ఎవరివీ కానట్టే కనిపిస్తాయి. కంచె లేదు, కాపలా లేదు, బోర్డు లేదు. కానీ దాదాపు ప్రతి చెరువుకూ ఒక మత్స్య సహకార సంఘం ఉంటుంది. అందులో సభ్యులు గంగపుత్రులో ముదిరాజులో అయి ఉంటారు. చేపల హక్కుకు గుత్త కట్టేది వారు. చేపపిల్లను వదిలేది వారు. 2016లో తెలంగాణ ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలు ఇచ్చే పథకం మొదలుపెట్టాక ఆ ఖర్చు కొంత ప్రభుత్వం మీదికి పోయిందే తప్ప, వానకాలంలో వేలెడంత పిల్లను నీళ్ళలో వదిలి, వేసవిలో వల వేసేదాకా ఎదురుచూసేది మాత్రం వారే.

ఇక్కడొక శాస్త్రవిషయం చెప్పాలి, ఎందుకంటే నా వాదమంతా దానిమీదే నిలబడి ఉన్నది. మన చెరువుల్లో ఎక్కువగా దొరికే బొచ్చె, రవ్వ, మృగాల (కోస్తా మిత్రులకు రవ్వ అంటే శీలావతి) మూడూ పుట్టుకతో నది చేపలు. వరదనీరు పారుతుంటేనే గుడ్లు పెడతాయి. నిలవనీటి చెరువులో ఎంత పెరిగినా సాధారణంగా పిల్లలు పెట్టవు. పూర్వం గోదావరి లాంటి నదుల నుంచి పిల్లను ఏరి తెచ్చుకోవలసి వచ్చేది. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అళికుంహి అనే శాస్త్రవేత్తలు పీయూషగ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి ఈ జాతి చేపలచేత గుడ్లు పెట్టించగలిగారు. ఈనాడు ఊరూరి చెరువులో కనబడే రవ్వ ఆ ప్రయోగం చలవే. దీని అర్థమేమిటి? మీ గాలానికి తగిలిన రవ్వ దానంతటదే పుట్టింది కాదు. దాన్ని ఎవరో లెక్కపెట్టి నీళ్ళలో వదిలారు. వరి పొలంలో వరి ఎంత పంటో చెరువులో రవ్వ అంతే పంట. ఒకరి మడిలో నాలుగు కంకులు విరుచుకుని ‘సరదాకి’ అంటే ఎట్లా ఉంటుందో ఆలోచించండి.

కొర్రమట్ట, జెల్ల, మార్పు, ఇంగిలాయి, వాలుగ, పాపెర, బొమ్మిడాయి, పరిగె సంగతి వేరు. ఇవి ఎవరూ వదలకపోయినా వాగుల వెంట, మత్తళ్ళ వెంట ఎదురెక్కి వచ్చి వాటంతటవే పెరుగుతాయి. వీటి విషయంలో మాత్రమే ‘వేట’ అనే మాట నిజంగా వర్తిస్తుంది. సంఘంవారు కూడా చాలాచోట్ల గాలం వేసేవాణ్ణి ఈ చేపల విషయంలో పెద్దగా పట్టించుకోరు. “కాకా, పరిగెలకు ఒక్క గాలమేసుకుంటం” అని అడిగితే కాదన్నవారు నాకు తటస్థపడలేదు. అడగకుండా వేస్తే మాత్రం పోట్లాట తప్పదు, తప్పు వారిదీ కాదు. అడగటం కూడా ఒక పనిముట్టే అనుకోండి. కర్రకంటే ముందు దాన్ని సంపాదించాలి.

ఈ మధ్య యువకులు చాలామంది వీడియోలు చూసి ఈ సరదాలోకి వస్తున్నారు. రావటం నాకు సంతోషమే. కానీ వారు చూసే ఇంగ్లండు, అమెరికా దేశాల వీడియోలలో ఒక సంగతి కనబడదు. ఇంగ్లండులో పదమూడేళ్ళు నిండిన ప్రతివాడూ గాలం వేయటానికి లైసెన్సు తీసుకోవాలి. ఆపైన ఆ నీటికి యజమాని ఎవరో వారి అనుమతి వేరే కావాలి. అక్కడి నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 వరకు మంచినీటి చేపలకు (సాల్మన్, ట్రౌట్ వంటివి కాక) గాలం వేయటమే కుదరదు. అమెరికాలో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం లైసెన్సు. వాళ్ళ రాడ్డు మన దాకా వచ్చింది, రీలు వచ్చింది, రబ్బరు కప్ప వచ్చింది; ఆ లైసెన్సు రాలేదు, ఆ విరామమూ రాలేదు. ఆచారాన్ని అక్కడే వదిలేసి అలంకారాన్ని దిగుమతి చేసుకోవటం మనకు కొత్తేమీ కాదులెండి.

తుపాకీ వేట గురించి కూడా కొందరు అడుగుతుంటారు గనుక నాలుగు మాటలు. నిజాం కాలంలో పాకాల, ఏటూరునాగారం అడవులు షికారుకు పేరుపడ్డ చోట్లే. ఇప్పుడు రెండూ అభయారణ్యాలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో కొన్ని జంతువుల వేటకు లైసెన్సు పద్ధతిని మిగిల్చింది. 1991 సవరణతో అదీ పోయింది. మనుషుల ప్రాణానికి ముప్పు, పంటనష్టం వంటి కారణాలపై అధికారులిచ్చే అనుమతి తప్ప సరదా వేట అన్నది ఈ దేశంలో లేదు. ఉచ్చు పన్నటం, ఎర పెట్టటం కూడా చట్టం దృష్టిలో వేటే. అడవిపంది కోసం కరెంటు తీగలు పరిచి, వాటికి పశువులనూ మనుషులనూ బలిపెట్టే దుర్మార్గాన్ని వేట అనటానికి నాకు నోరు రాదు. అలాగే ఆ చట్టంలో వన్యజీవి అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో చేప కూడా ఉన్నది. కాబట్టి పాకాల వంటి అభయారణ్యంలోని నీటిలో అటవీశాఖ అనుమతి లేకుండా గాలం వేయబోకండి. పాకాలలో మొసళ్ళున్నాయన్నది మరో కారణం :)

ఇక రెండో ప్రశ్నకు వస్తాను. అది ఏ చేప?

తొమ్మిది వందల ఏళ్ళ కిందట ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో సంస్కృతంలో సంతరించిన ‘మానసోల్లాసం’లో ‘మత్స్యవినోదం’ అని ఒక ప్రకరణం ఉంది. రాజులకు తగిన వినోదాల్లో గాలం వేయటాన్ని కూడా చేర్చి, చేపల్లో సముద్రపువి ఏవో, నదులవి ఏవో, పొలుసున్నవి ఏవో లేనివి ఏవో విడదీసి, దేనికే మేత వేసి మచ్చిక చేయాలో చెప్పాడు. ఆ రోజుల్లో మన అనుమకొండను ఏలుతున్న కాకతీయ రెండవ ప్రోలరాజు ఈ చక్రవర్తికి సామంతుడే. అంటే గాలపు వినోదం మనకు తెల్లదొరలు నేర్పిన విద్య కాదు. వింతేమిటంటే, ఆ తరువాత మన తెలుగు కవులు దాన్ని అంటుకోలేదు. వేట వర్ణనలకు కొదవలేదు: మనుచరిత్రలో స్వరోచి వేట, ధూర్జటి కాళహస్తి మాహాత్మ్యంలో తిన్నని వేట, కుక్కలతో సహా ఎంత సందడో! కానీ చెరువు ఒడ్డున కదలకుండా కూర్చునేవాడి మీద ప్రబంధకవి దృష్టి పడలేదు. భాగవతంలో అవధూత చెప్పిన ఇరవైనలుగురు గురువుల్లో చేపకు చోటు దొరికింది గాని, అదీ నాలుక రుచికి లొంగి గాలానికి చిక్కే మూర్ఖురాలిగానే. చేపల కోణం నుంచి ఇది అన్యాయం. గాలం వేసి చూసినవాడెవడూ చేపను మూర్ఖురాలు అనడు.

ఇంగ్లీషులో ఈ విషయంపై పుస్తకాలు కుప్పలుగా ఉన్నాయి. మనకు పనికివచ్చేవి తక్కువ. చాలావరకు చల్లటి సెలయేళ్ళ గురించో, హిమాలయాల మహాసీరు గురించో ఉంటాయి. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివాన్ థామస్ 1873లో మంగళూరు నుంచి ‘ది రాడ్ ఇన్ ఇండియా’ వెలువరించి, తరువాత 1887లో కేవలం చెరువుల గాలం గురించే ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ అని వేరే పుస్తకం రాశాడు. చెరువు విద్య వేరు, నది విద్య వేరని ఆ దొర గుర్తించటం మెచ్చుకోదగ్గది. తెలుగులో మాత్రం ఈ విద్య నోటిమాటగానే ఉండిపోయింది. పట్టేవారికి రాసే తీరిక లేదు, రాసేవారికి పట్టే అలవాటు లేదు.

చెరువు విద్యలో మొదటి పాఠం లోతు. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది; అది నీటి పైపొరలో మేస్తుంది. రవ్వ నడిమి పొరలో. మృగాల నోరు కిందికి ఉంటుంది. అడుగున బురదలో వెతుక్కుంటుంది. బంగారుతీగ కూడా అడుగునే. చేప మూతి చూస్తే చాలు, బెండును దారం మీద ఎక్కడ కట్టాలో తెలిసిపోతుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే లోతులో గాలం వేసి “ఈ చెరువుల చేపల్లేవు” అని లేచిపోయేవారిని ఎందరినో చూశాను. బొచ్చె కంటికి కనబడని సూక్ష్మజీవులను వడకట్టుకుని తినే చేప గనుక ఎర్రలకు (వానపాములకు) ఆశపడదు. మెత్తటి పిండిముద్ద నీళ్ళలో పొడిపొడిగా రాలుతుంటే దాని చుట్టూ చేరుతుంది. తవుడు, పల్లి చెక్క కలిపి ముందుగా నీళ్ళలో చల్లటం చేపల పెంపకందారులు వేసే మేతనుంచి నేర్చుకున్నదే. పరిగెలకు, జెల్లలకు ఎర్రను మించింది లేదు. జెల్లకు చీకటి పడే వేళ మంచిది.

అన్నిటికన్నా ముఖ్యమైనది కొర్రమట్ట. ఈ టపా రాయటానికి అసలు కారణం ఇదే.

పుస్తకాల్లో కొర్రమీను అంటారు, తెలంగాణ రాష్ట్ర చేప ఇది. మృగశిర కార్తెనాడు హైదరాబాదులో ఉబ్బసం రోగులకు మందుతో మింగించే పిల్ల కూడా ఈ జాతిదే. నీటిలో ప్రాణవాయువు చాలకపోతే పైకి వచ్చి గాలి మింగుతుంది. అందుకే అంగడిలో తొట్టిలో ప్రాణంతో అమ్ముతారు, అందుకే అంత ధర. వానలు పడగానే ఒడ్డువార, లోతు తక్కువ చోట, తుంగ నడుమ కాస్తంత జాగా శుభ్రం చేసుకుని గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు నీటిమీద తేలతాయి. పొదిగిన పిల్లలు కొన్ని వారాలపాటు ఎర్రెర్రగా ఒకే గుంపుగా తిరుగుతాయి. వాటికీ గాలి కావాలి కాబట్టి గుంపు గుంపంతా మాటిమాటికీ పైకి వస్తుంది. ఆ చోట సన్నటి వాన పడుతున్నట్టు నీళ్ళు చిటపటలాడతాయి. ఆ గుంపు కింద పెద్దచేప కాపలా ఉంటుంది. కొన్నిసార్లు రెండూ ఉంటాయి.

ఆ చిటపటలు కనబడితే కొర్రమట్టను పట్టటంకన్నా సులువైన పని లేదు. గుంపు మీదుగా రబ్బరు కప్పను ఒకసారి లాగితే చాలు, కింద ఉన్నది ఎగిరి కొడుతుంది. అప్పుడది కొట్టేది ఆకలితో కాదు, పిల్లల మీదికి ఏదో వస్తున్నదన్న కోపంతో. ఆకలి లేని చేప ఎరను తాకదన్న సూత్రానికి ఇదొక మినహాయింపు, ఆ మినహాయింపునే ఒక కిటుకుగా ఇప్పుడు ఒకరికొకరు నేర్పుకుంటున్నారు. పెద్దచేప పోయిన గంటలోనే జెల్లలు, కొంగలు, నీటిపాములు ఆ గుంపును ముగిస్తాయి. ఒక కిలో చేప కోసం వందల పిల్లల్ని చంపటమే ఇది. రవ్వ పోతే సంఘం మళ్ళీ కొని వదులుతుంది. కొర్రమట్ట తనంతట తానే పెరగవలసిన చేప. రాష్ట్ర చేప అని పేరుపెట్టి, అది పిల్లల్ని కాచుకునే నెలల్లో దాని తల్లిప్రేమనే ఎరగా వాడుకోవటం నాకు చాలా నీచంగా కనిపిస్తుంది. “గాలం వేయటమే హింస, అందులో మళ్ళీ నీతులా?” అని అడిగే మిత్రులుంటారని తెలుసు. నేను శాకాహారిని కాను, పట్టిన చేపను వండుకుని తింటాను, ఆ చర్చలోకి దిగను. తినటానికి పట్టేవాడికే మరుసటేడు చేప ఉండాలన్న పట్టింపు ఎక్కువుండాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా చిటపటలు కనబడ్డ చోట గాలం వేయకుండా పక్కకు తప్పుకోవటం పెద్ద త్యాగమేమీ కాదు. దీపావళి దాటాక అదే చేప ఆకలితోనే వస్తుంది, అప్పుడు పట్టుకోండి.

పట్టి వదిలేయటం అన్న పద్ధతి గురించీ ఒక మాట. దాన్ని కొందరు సర్వపాప పరిహారంగా భావిస్తున్నారు. చల్లటి నీటిలో, ముల్లు పెదవికే తగిలిన చేపను తడిచేత్తో వెంటనే వదిలితే బతుకుతుంది, నిజమే. మన ఏప్రిల్, మే నెలల చెరువు నీటి సంగతి వేరు. నీరు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. పదినిమిషాలు పెనుగులాడి, మెత్తటి గడ్డి మీద పడుకోబెట్టి ఫొటోలు దిగాక వదిలిన రవ్వ ఈదుకుంటూ పోయినట్టే పోయి, మరునాడు ఒడ్డుకు తెల్లగా తేలుతుంది. అది ఎవరికీ పనికిరాదు, సంఘానికీ, మీకూ. వేసవిలో రెండు చేపలు పట్టి, సంఘానికి వెల కట్టి, ఇంటికి తెచ్చుకుని వండుకోవటమే నా దృష్టిలో మర్యాద.

సరే, ఇక మొదటి ప్రశ్న. ఏ రాడ్డు?

పరిగెలకు, జెల్లలకు, ఒడ్డు రవ్వలకు పది పన్నెండు అడుగుల వెదురు సరిపోతుంది. లోపల బోలు లేని గట్టి జాతి వెదురు చూసుకోవాలి. ఎండలో పెట్టకుండా నీడన నెలరోజులు ఆరనిచ్చి, వంకర ఉన్నచోట సెగ చూపి సరిచేయాలి. దారం కర్రంత పొడవో, మూరెడు ఎక్కువో ఉంటే చాలు. మా వైపు నైలాన్ దారాన్ని తంగూసు అంటాం. పరిగెలకు 0.16 మిల్లీమీటర్ల మందం, రవ్వకు 0.30 నుంచి 0.35. లావు దారం తెచ్చి పరిగెలకు వేస్తే అవి నవ్వి పోతాయి. కొర్రమట్టకు మాత్రం గుర్రపుడెక్కలోంచి, తామరతూళ్ళలోంచి గుంజవలసి వస్తుంది గనుక అల్లిన దారం, ఏడడుగుల బిగువైన రాడ్డు, ఒక మోస్తరు రీలు అవసరమే. ఖర్చు పెట్టదలచుకుంటే అక్కడ పెట్టండి, అదీ రాడ్డుకంటే దారం మీద, గాలాల మీద.

గాలాల నంబర్ల దగ్గర కొత్తవారు తికమక పడతారు. అంకె పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది: 14 కంటే 8 పెద్దది, 8 కంటే 1 పెద్దది. అక్కడినుంచి లెక్క తిరగబడి 1/0, 2/0, 3/0 అని అంకెతో పాటు పెరుగుతుంది. పరిగెకు 14, రవ్వకు 6 లేదా 8, కొర్రమట్టకు 2/0 నా వాడుక. దుకాణాల్లో నార్వేవారి ముస్తాద్ గాలాలు దొరుకుతాయి, పదును బాగుంటుంది. కొక్కెం కొసన వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును పటకారుతో నొక్కి అణచివేస్తే చేపనుంచైనా మీ వేలినుంచైనా తేలిగ్గా వస్తుంది. దారం బిగువుగా ఉంచటం తెలిసినవాడి చేప దానివల్ల తప్పించుకోదు. పిండిముద్ద చుట్టూ అయిదారు గాలాలు గుత్తిగా కట్టి వేసే పద్ధతి మాత్రం నాకు నచ్చదు. చేప ఎరను తినకపోయినా కంటికో కడుపుకో తగిలి చిక్కుతుంది. దారం తెంపుకుపోయిన చేప అయిదు కొక్కేలతో ఎన్నాళ్ళు బతుకుతుంది?

బెండుకు ప్లాస్టిక్ అక్కరలేదు. పెళ్ళి బాసికాలు చేసే జీలుగు బెండు ఉన్నదే, దాని ముక్క ఒకటి చాలు. రాలిన నెమలి ఈక కాడ ఇంకా సున్నితం, పరిగె ముట్టినా చెబుతుంది. బరువుకు అందరూ సీసపు గుండ్లు వాడతారు. అవి తెగి అడుగున పడితే నీటిపక్షులు రాళ్ళనుకుని మింగి విషమెక్కి చస్తాయి. బ్రిటనులో హంసలు ఇలా చావటం చూసి 1987లో చిన్న సీసపు గుండ్లను నిషేధించారు. సైకిలు దుకాణంలో దొరికే చిన్న ఇనుప నట్టు అదే పని చేస్తుంది, ధర కూడా తక్కువే. తెగిన తంగూసు ముక్కలను చుట్టి జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకోండి. ఒడ్డున పారేస్తే కొంగకాలికో, రేపు అక్కడ దిగే జాలరి కాలికో చుట్టుకుంటుంది. సంఘంవారికి మనమీద ఉండే కోపంలో సగం ఈ దారం ముక్కలవల్ల వచ్చిందే.

జాగ్రత్తలు కొన్ని. జెల్లకు వీపుమీద ఒకటి, పక్కలకు రెండు ముళ్ళుంటాయి, తల వెనుకనుంచి చూసి పట్టాలి. ఇంగిలాయి ముల్లు విషపుది. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో చెయ్యి ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది, తరువాత ఆస్పత్రికి పోవాలి. తూము దగ్గర నీళ్ళలోకి దిగవద్దు, పైకి నిశ్చలంగా కనబడ్డా కింద గుంజుతుంది. మట్టి కోసం, మొరం కోసం తవ్విన చోట్ల మోకాటిలోతు నీరు ఒక్క అడుగులో నిలువులోతు అవుతుంది. మీకు నిన్నటి చెరువే తెలుసు, ఈ వేసవిలో ఎవరెక్కడ తవ్వారో తెలియదు. దీనికి కూడా ఒడ్డున వల ఆరేసుకునే మనిషిని అడగటమే మార్గం. మందు పోసి గానీ, తూటా పేల్చి గానీ చేపలు పట్టటం 1897 నాటి మత్స్య చట్టం నుంచీ నేరమే. ఎక్కడైనా చూస్తే ముందు సంఘానికి చెప్పండి, వారికంటే వేగంగా కదిలేవారుండరు.

ఇక మీ దగ్గర ఒక సాయం కావాలి. చేపల పేర్లు జిల్లాకొక రకంగా మారిపోతాయి. మా కొర్రమట్ట మీకు కొర్రమీను, దాని చిన్నన్న మట్టగిడస ఇంకో ఊళ్ళో ఇంకేదో. ఇంగిలాయి, మార్పు, పాపెర, బొమ్మిడాయి, వీటిని మీ వైపు ఏమంటారో, బెండును, తంగూసును ఏమంటారో తెలిసినవారు రాయండి. కొర్రమట్ట పిల్లలు ఎర్రగా గుంపుకట్టి చిటపటలాడుతూ తిరుగుతాయని చెప్పానే, ఆ గుంపుకు మా దగ్గర ప్రత్యేకమైన మాటేదీ నేను వినలేదు. గోదావరి వైపో, కొల్లేటి వైపో తప్పక ఉండి ఉంటుంది. ఎవరికైనా తెలిస్తే ముందుగా ఆ ఒక్కటి చెప్పండి.